చెమట పట్టని మంచు

చెల్లెలు సంచి సర్దుకుంటుంటే అక్క గుమ్మంలో నిలబడి చూస్తోంది. రెండు జతల బట్టలు, తువ్వాలు, దువ్వెన, రబ్బరు చెప్పులు, కాగితంలో చుట్టిన సబ్బు. చెల్లెలు సబ్బును బట్టల మధ్య పెట్టింది. అక్క వచ్చి దాన్ని తీసి పక్క అరలో పెట్టింది. చెల్లెలు తీసి మళ్లీ బట్టల మధ్యే పెట్టింది.

"నాలుగు రోజులకి ఇంత సంచా?" అంది అక్క.

"నువ్వే కదా నిన్న ఆ చిన్నది సరిపోదన్నావు."

"అన్నాను. ఇప్పుడు చూస్తే పెద్దగా కనిపిస్తోంది. పెద్ద సంచి చూస్తే నాకు గుండెల్లో దడ."

"చిన్న సంచితో వెళ్లినవాళ్లు మాత్రం అందరూ తిరిగొచ్చారేంటి" అని చెల్లెలు నవ్వింది. నవ్వి, అక్క ముఖం చూసి, గబుక్కున జిప్పు లాగేసింది.

ఇద్దరూ ఉండేది ఆరోగ్య కేంద్రం వెనక రెండు గదుల్లో. అక్క పని టీకాల గది: ఫ్రిజ్జులు, ఫ్రీజరు, పొద్దునా సాయంత్రం వేడి చూసి చార్టు మీద రాయడం. చెల్లెలి పని ఆ టీకాలు పట్టుకెళ్లి మనుషులకు వేయడం. కేంద్రానికి వచ్చేపోయే వాళ్లు ఒకరిని ఐసమ్మ అనీ, ఒకరిని సూదమ్మ అనీ పిలుస్తారు. "ఒకరు గడ్డకట్టిస్తారు, ఒకరు గుచ్చుతారు, మధ్యలో నేను మోస్తాను" అంటాడు జీపు డ్రైవరు.

ఆ సోమవారం చెల్లెలు వెళ్లేది ఏటి మీద వంతెన కడుతున్న చోటికి. అక్కడ రేకుల షెడ్లలో కూలీల కుటుంబాలుంటాయి. రెండు నెలల్లో ముగ్గురికి కామెర్లు వచ్చాయి. రక్తం పరీక్ష చేస్తే పదకొండు మందిలో హెపటైటిస్-బి వైరస్ ఉన్నట్టు తేలింది. అందులో ఒకావిడ నిండు చూలాలు. ఇవాళో రేపో కనేలా ఉంది. పుట్టేటప్పుడు తల్లి రక్తం నుంచి బిడ్డకు అంటుకుంటుంది ఆ వైరస్. పుట్టిన ఇరవై నాలుగు గంటల్లోపు టీకా పడితే చాలావరకు ఆగుతుంది. పడకపోతే ఆ బిడ్డ పైకి బాగానే పెరుగుతుంది, ఆడుకుంటుంది, పెళ్లి చేసుకుంటుంది, ముప్ఫై నలభై ఏళ్లకు లివరు చెడిపోతుంది. నాలుగు రోజుల ప్రయాణం ముఖ్యంగా ఆ పుట్టబోయే బిడ్డ కోసమే.

పోయిన నెల కూడా చెల్లెలు అక్కడికే బయలుదేరింది. దారిలో జీపు చెడిపోయి మూడు గంటలు ఎండలో ఉండిపోయింది. టీకాల పెట్టెలో ఐసు కరిగిపోయింది. ప్రతి సీసా మీదా ఒక వలయం, వలయంలో తెల్లటి చదరం ఉంటుంది. వేడి తగిలితే ఆ చదరం నల్లబడుతుంది. అన్నీ నల్లబడ్డాయి, పారబోశారు, చెల్లెలికి మెమో వచ్చింది. ఇంకొక్కటి వస్తే ఉద్యోగానికే ఎసరు. ఆ మెమో అలమారలో బట్టల కింద ఉంది. అక్క రోజుకొకసారి ఏదో వంకతో ఆ బట్టలు విప్పి, కాగితం అక్కడే ఉందో లేదో చూసి, మళ్లీ మడతపెడుతూనే ఉంది. అది లేకుండా పోతుందని ఆశేమో.

బయట జీపు హారన్ మోగింది. డ్రైవరు చెప్పిన వేళకంటే ముప్పావుగంట ముందే వచ్చాడు.

అక్క టీకాల గదిలోకి నడిచింది. ఫ్రీజరు తలుపెత్తి నాలుగు ఐసు ప్యాకులు బయటికి తీసింది. పుస్తకాల్లా బల్లపరుపుగా ఉండే ప్లాస్టిక్ డబ్బాలవి, నిండా గడ్డకట్టిన నీళ్లు, పైన మంచు నూగు. వాటిని బల్ల మీద వరసగా పరిచి ఆగాలి. పై నూగు కరిగి, ఒంటికి చెమట పట్టినట్టు డబ్బాకు నీటిబొట్లు పట్టేదాకా. ఒకదాన్ని తీసి చెవి దగ్గర పెట్టుకుని ఊపితే లోపల నీళ్లు కదిలిన చప్పుడు వినిపించేదాకా. అరగంట పట్టొచ్చు, గంట పట్టొచ్చు. అప్పుడే వాటిని పెట్టెలో నాలుగు వైపులా పెట్టి మధ్యలో సీసాలు సర్దాలి. ఇరవయ్యారేళ్లుగా చేస్తున్న పని.

హారన్ మళ్లీ మోగింది. కిటికీలోంచి ఎండ అప్పటికే బల్ల మీదికి పాకింది.

ఈ ఎండలో, అదే జీపు, అదే దారి, అనుకుంది అక్క. ఐసు గట్టిగా ఉంటే ఎక్కువసేపు ఆగుతుంది కదా. ఇంకాస్త చల్లగా ఉన్నందువల్ల వచ్చే నష్టమేముంది? ఆ ప్రశ్నకు జవాబు ఆవిడకు తెలుసు. తెలిసిన జవాబును ఎండ వైపు చూసి పక్కకు నెట్టింది. తువ్వాలు తీసుకుని నాలుగు ప్యాకుల మీది మంచు నూగును గట్టిగా తుడిచింది. తుడిచిన చోటల్లా తడి మెరిసింది. పెట్టెలో దించి, మధ్యలో సీసాలు సర్దింది.

చెల్లెలు ఒక చేత్తో చెప్పు పట్టీ లాక్కుంటూ, ఇంకో చేత్తో రిజిస్టరు అందుకుంటూ వచ్చింది. "చెమట పట్టిందా అక్కా?"

"పట్టింది."

మామూలుగా అయితే చెల్లెలు తనే ఒక ప్యాకు తీసి చెవి దగ్గర పెట్టుకుని చూసేది. ఆరోజు చేతులు ఖాళీగా లేవు. అడిగింది అక్కను. 'ఐసు సరిచూసుకున్నాను' అన్న గడిలో సంతకం పెట్టింది. పెట్టె భుజానికి తగిలించుకుంది. "శుక్రవారం సాయంత్రానికి వచ్చేస్తాను. దారి చూస్తూ గేటు దగ్గర నిలబడకు. జనం నవ్వుతారు."

జీపు మలుపు తిరిగేదాకా అక్క గేటు దగ్గరే నిలబడింది.

*

ఆ తర్వాత ఆవిడ కాలు ఒకచోట నిలవలేదు. కాలు కాలిన పిల్లిలా ఫ్రిజ్జు దగ్గర్నుంచి కిటికీకి, కిటికీ దగ్గర్నుంచి ఫ్రిజ్జుకు తిరిగింది. చార్టు మీద రాసిన అంకెనే మళ్లీ రాసింది. శిక్షణలో ఇచ్చిన పుస్తకం తీసింది. చదివి చదివి దాని మూలలు అరిగి గుండ్రంగా అయిపోయాయి. పెద్ద చదువు లేని మనిషి. ఆ పుస్తకంలోంచే ఒక్కో మాటా కూడబలుక్కుని వైరస్ అంటే ఏమిటో, ఏ టీకా వేడికి ఓర్చదో, ఏది చలికి ఓర్చదో నేర్చుకుంది. హెపటైటిస్-బి ఉన్న పుట విప్పకుండానే అందులో ఏముందో తెలుసు. 'గడ్డకట్టనివ్వరాదు.' దాని కింద ఎప్పుడో తనే ఎర్ర గీత గీసింది.

వేడి తగిలితే సీసా మీది చదరం నల్లబడి చెబుతుంది. చలి తగిలితే ఏదీ నోరు విప్పదు. చెల్లెలు చదరం చూస్తుంది, తెల్లగా ఉంటుంది, నిశ్చింతగా సూది ఎక్కిస్తుంది.

మధ్యాహ్నానికి ఇక ఉండబట్టలేక ఇంకో ఖాళీ పెట్టె దించింది. నాలుగు ప్యాకులు తీసి, పొద్దున తుడిచినట్టే తుడిచి, మధ్యలో ఒకే ఒక్క సీసా, ప్యాకుకు ఆనేలా పెట్టి మూత వేసింది. వంతెన దాకా ప్రయాణం రెండు గంటలు. రెండు గంటలు కూర్చుంది. మూత తీసి సీసా వంచితే లోపల టీకా కదల్లేదు. రాయిలా ఉంది.

దాన్ని కరగనిచ్చింది. ఫ్రిజ్జులోంచి మంచి సీసా ఒకటి తెచ్చింది. రెంటినీ ఒకే చేత పట్టుకుని బాగా ఊపి, పక్కపక్కన బల్ల మీద పెట్టి, కళ్లు వాటి ఎత్తుకు వచ్చేలా మోకాళ్ల మీద కూర్చుంది. మంచి సీసా పల్చటి పాలలా సమంగా తెల్లగా ఉంది. రెండోదానిలో తెలుపు పలుకులు పలుకులుగా విరిగి, చూస్తుండగానే కిందికి దిగడం మొదలుపెట్టింది. పది నిమిషాలకు అడుగున తెల్లటి మడ్డి, పైన తేట నీళ్లు. మంచిది ఇంకా పాలలాగే ఉంది.

ఆవిడ లేచి ఫోను అందుకుంది.

చెల్లెలి ఫోను ఆ ఏటి లోయలో పలకదు. వంతెన ఆఫీసు గుమాస్తా నంబరుకు చేస్తే ఎవరూ ఎత్తలేదు. డాక్టరుగారు పై ఆఫీసు సమావేశానికి వెళ్లారు, రేపు మధ్యాహ్నం దాకా రారు. ఆయన సంతకం లేనిదే కొత్త సీసాలు బయటికి కదలవు.

*

మంగళవారం మూడున్నరకు వచ్చిన డాక్టరుగారు కుర్చీలో ఇంకా సరిగా కూర్చోకముందే ఆవిడ రెండు సీసాలూ ఆయన బల్ల మీద పెట్టింది. సంగతి చెప్పింది. తుడిచిన తువ్వాలు దగ్గర్నుంచి 'పట్టింది' అన్న మాట దాకా ఏదీ దాచలేదు.

ఆయన చెడ్డమనిషి కాదు. అలిసిపోయిన మనిషి. కళ్లజోడు తీసి కళ్లు నలుపుకున్నాడు. "చదరాలు తెల్లగానే ఉన్నాయా?"

"ఉంటాయండి. చలికి అవి మారవు."

"అయితే ఎవరికి తెలుస్తుంది? వాళ్లకి హాని లేదు. నెలకి రెండో సూది, ఆరు నెలలకి మూడోది ఎలాగూ ఉన్నాయి. పెద్దవాళ్లు కాస్త ఆలస్యంగా రక్షణ తెచ్చుకుంటారు, అంతే."

"పుట్టే బిడ్డకి నెల ఆగే టైము లేదండి."

"ఇంకా పుట్టిందో లేదో."

ఆవిడ రెండు సీసాలనూ ఒకే చేత పట్టుకుని గట్టిగా ఊపి ఆయన ముందు పెట్టింది.

"చూడమ్మా" అన్నాడాయన గొంతు తగ్గించి, "నేనిది రాస్తే ఎవరి మీద పడుతుందో తెలుసా? పెట్టె అందుకున్నవాళ్లు సరిచూసుకుని సంతకం పెట్టాలి. సంతకం నీ చెల్లెలిది. ఆమె మీద ఇప్పటికే ఒకటుంది. నువ్వు ఆమె మంచి కోరి చేశావు. ఇప్పుడు కోరి కోరి ఆమె మెడకే చుడతావా?"

"అబద్ధం చెప్పింది నేనండి. మెమో నాకివ్వండి."

"ఎనిమిది నెలల్లో రిటైరవుతున్నావు. ఇరవయ్యారేళ్లలో ఒక్క మరక లేదు నీ మీద."

"ఇప్పుడు పడింది కదండి."

ఆయన విసుగ్గా పక్కనున్న కాగితాలు ముందుకు లాక్కున్నాడు. మందుల కోసం వచ్చిన ఇండెంట్లు చూశాడు, రెండింటి మీద సంతకం పెట్టాడు, ఎవరికో ఫోను చేసి మందుల బండి గురించి మాట్లాడాడు. ఆవిడ కదల్లేదు. మాట్లాడుతూనే ఆయన చూపు రెండుసార్లు సీసాల మీదికి వెళ్లొచ్చింది. ఒకదాని అడుగున మడ్డి చేరింది. ఇంకోటి పాలలా నిలబడే ఉంది. మూడోసారి వెళ్లిన చూపు తిరిగి రాలేదు. ఫోను పెట్టేశాడు.

"ఎన్ని డోసులు కావాలి?"

ఆయన సంతకం పెట్టేసరికి నాలుగయింది. ఆ వైపు ఆఖరి బస్సు మూడింటికే వెళ్లిపోయింది. జీపు చెల్లెలితోనే ఉంది. సాయంత్రం వంతెన ఆఫీసు ఫోను ఎట్టకేలకు పలికింది.

"ఆ, సూదమ్మ ఇక్కడే ఉన్నారండి, షెడ్ల వైపు" అన్నాడు గుమాస్తా. "నిన్న ఒక్కరోజే నలభై ఏడుగురికి వేశారు. ఇవాళ అందరి రక్తాలు తీస్తున్నారు. అదిగో, గోతులు తవ్వే యంత్రం నడిపేవాడి భార్య, ఆ నిండు చూలాలికి నిన్న మధ్యాహ్నమే ఆడపిల్ల పుట్టింది. పుట్టిన గంటకే పాపకి సూది పడింది. ఎంత అదృష్టమో, సూదమ్మ సమయానికున్నారు."

ఆవిడ ఫోను ఇంకో చెవికి మార్చుకుంది. "అయ్యా, ఒక మాట చెప్పండి. ఆ పెట్టెలోవి ఇంకెవరికీ వేయొద్దు. నేను కొత్త పెట్టెతో రేపు మొదటి బస్సుకి వస్తున్నాను. మళ్లీ చెప్పనా? మొదటి బస్సుకి."

"మొదటి బస్సు, తొమ్మిదింటికి. చెప్తానండి."

*

ఆ రాత్రి వాన పడింది. బుధవారం తెల్లవారేసరికి గాలి చల్లబడిపోయింది. టీకాల గదిలో అక్క శాలువా కప్పుకుని, అయిదున్నరకే ప్యాకులు బయటికి తీసి బల్ల మీద పరిచింది. ఏడింటి బస్సుకు గంటన్నర టైముంది. ఎండరోజైతే అరగంట చాలు.

ఆరింటికి చూస్తే మంచు నూగు అలాగే ఉంది. ఆరున్నరకు అంచుల్లో మాత్రం కాస్త మెత్తబడింది. చేత్తో తుడవబోయి, ఆ చేతిని వెనక్కి లాక్కుంది. ఒక ప్యాకు ఎత్తి చెవి దగ్గర పెట్టుకుని ఊపింది. ఏ చప్పుడూ లేదు. చలికి చెవి జివ్వుమంది. కిటికీ మూసింది. గదిలో తిరిగింది. మళ్లీ ఎత్తింది. లేదు.

ఏడింటికి పది నిముషాల ముందు కొత్త సీసాలన్నీ తీసి లెక్క చూసింది. మళ్లీ ఫ్రిజ్జులో పెట్టింది. పాప పుట్టి ఇరవై నాలుగు గంటలు నిన్న మధ్యాహ్నానికే దాటిపోయాయి. దాటినా, ఎంత తొందరగా పడితే అంత మేలని పుస్తకంలో ఉంది. ఎంత తొందరగా. ఈ మాట ఒకవైపు లాగింది. ఇంకోవైపు ఆ తువ్వాలు బల్ల చివర మడతపెట్టినట్టే ఉంది.

బయట రోడ్డు మీద బస్సు ఆగింది. కండక్టరు బండి పక్క రేకు మీద రెండు దరువులు వేశాడు. ఆవిడ గుమ్మం దాకా వచ్చి, చేతిలో ప్యాకును చెవికి ఆనించుకుని నిలబడింది.

"వస్తున్నారా, ఐసమ్మా?" అని అరిచాడు కండక్టరు.

చప్పుడు లేదు.

"తర్వాతదానికొస్తాను" అంది. ఒకసారి ఆగకపోవడం వల్లే ఇంత అయింది. రెండోసారి అదే తప్పు చెయ్యను అనుకుంది. బస్సు వెళ్లిపోయింది.

ఏడూ నలభైకి నాలుగు ప్యాకులకూ చెమట పట్టింది. నాలుగింటినీ ఒక్కోటే ఊపి చూసింది. నాలుగింట్లోనూ నీళ్లు కదిలాయి. పెట్టె సర్ది, సంతకం పెట్టి, పదింటి బస్సు కోసం గేటు దగ్గర కూర్చుంది. రెండు గంటలా ఇరవై నిమిషాలు పెట్టె ఒళ్లోంచి దించలేదు.

*

వంతెన దగ్గర దిగేసరికి పన్నెండు దాటింది. ఏటి మీద సగం దాకా వచ్చి ఆగిన స్తంభాలు, పైకి పొడుచుకొచ్చిన ఇనప చువ్వలు, తడి సిమెంటు వాసన. షెడ్ల ముందు చెల్లెలు ఎదురొచ్చింది. ఏమీ అడగలేదు. పెట్టె అందుకుని, మూత తీసి, ఒక ప్యాకు తీసుకుని చెవి దగ్గర పెట్టుకుంది. అక్క వైపు చూస్తూనే ఊపింది. తలాడించి మళ్లీ పెట్టేసింది.

"నిన్న సాయంత్రం ఆయన చెప్పగానే మిగిలిన సీసాలు ఊపి చూశాను" అంది. "పలుకులు పలుకులుగా దిగిపోయాయి."

"నేను..."

"తర్వాత అక్కా. మధ్యాహ్నం షిఫ్టు మొదలవక ముందే అందర్నీ పట్టాలి."

రేకుల పందిరి కింద జనం చేరారు. పిల్లలు మొన్నటి దూది ముక్కలు గుర్తొచ్చి అప్పుడే ఏడుపు మొదలెట్టారు. పొట్టి పీటల మీద కూర్చున్న ఆడవాళ్లలో ఒకామె చెయ్యి చాపకుండానే అడిగింది. "మొన్నే కదా గుచ్చారు. మళ్లీ ఎందుకమ్మా? మా చేతులేమన్నా దిండ్లా?"

"చెప్తాను" అంది చెల్లెలు, సూది సిద్ధం చేస్తూ. "మన ఒంట్లో ఒక్కో కణం ఒక్కో పని చోటు అనుకోండి. లోపల మేస్త్రీలున్నారు. ఆఫీసు నుంచి ప్లాను వస్తుంది. అందులో ఏముంటే అది కడతారు. అంతేగా?"

"అంతే. ప్లానులో మెట్లు గోడలోకి పోతే మేమూ గోడలోకే కడతాం" అన్నాడొకడు. నవ్వారు.

"ఈ వైరస్ ఉందే, దానికి సొంత మేస్త్రీలు లేరు. తాపీ లేదు, ఇసుక లేదు. తినదు, పెరగదు. దాని దగ్గరున్నది ఒక్క ప్లాను కాగితం. కాగితం చుట్టూ ఒక డొల్ల. డొల్ల మీద ఒక చొక్కా."

"అయితే పురుగు కాదా?"

"పురుగైతే తిండి తిని తన బతుకు తను బతుకుతుంది. ఇది బయట ఉన్నంతసేపూ సరుకూ మనుషులూ లేని కాంట్రాక్టరు."

"అలాంటివాళ్లు మాకు బాగా తెలుసు" అని మూల నుంచి ఎవరో అన్నారు. ఈసారి ఇంకా గట్టిగా నవ్వారు.

"దాని చొక్కా మన లివరు గేటుకి సరిగ్గా సరిపోతుంది. ఆఫీసు మనిషే అనుకుని గేటు తీస్తారు. లోపలికెళ్లి తన ప్లాను మేస్త్రీల కాగితాల మధ్య దూరుస్తుంది. పాపం వాళ్లు దాన్నే కడతారు. ఒకటి కాదు, వేలు. ఆ వేలూ బయటికొచ్చి పక్క సైట్లకి పోతాయి."

"జలుబుదీ ఇదేనా?"

"అది వేరే జాతి. ప్లాను ఎలాంటి దారం మీద రాసుంది, ఒంటి పేటా, రెండు పేటలా, పైన చొక్కా ఉందా లేదా, ఇవన్నీ చూసి జాతులు విడదీస్తారు. కొన్నిటి చొక్కా కొవ్వుది, సబ్బుకి కరిగిపోతుంది. చొక్కా లేనివి మొండివి, సబ్బుకి అంత తేలిగ్గా లొంగవు. టీకాలూ అన్నీ ఒకటి కాదు. కొన్నిట్లో చచ్చిన వైరస్ ఉంటుంది, కొన్నిట్లో నీరసపడినది. ఈ సూదిలో మాత్రం ప్లాను లేదు, డొల్ల లేదు. ఒట్టి చొక్కా ముక్కలు. వాటిని ఒంట్లో ఉన్న కాపలావాడికి చూపిస్తాం, ఈ చొక్కా వేసుకొచ్చినవాణ్ని గేటు దగ్గరే పట్టుకో అని."

"మరి మొన్న చూపించలేదా?"

చెల్లెలు సూదిలోని గాలి బయటికి నెడుతూ ఆగింది. అక్క పెట్టె పక్కనుంచి లేచింది. అంతమంది ముందు ఎప్పుడూ మాట్లాడి ఎరగదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక తువ్వాలు పట్టుకుంది.

"ఆ చొక్కా ముక్కలు సన్నటి పొడికి అంటుకుని ఉంటాయి. గడ్డకడితే ఆ పొడి ముద్దలైపోతుంది. ఇక అది చూపించినా కాపలావాడు గుర్తుపట్టడు. మొన్న మీకు పడింది ఇంచుమించు నీళ్లే. ఐసు పెట్టింది నేను. అది మెత్తబడేదాకా ఆగాలి. ఆగలేదు. ఆగానని మా చెల్లెలికి చెప్పాను."

ముందు వరసలో నెరిసిన గడ్డం మేస్త్రీ ఒకాయన ఆవిడ వైపు తేరిపార చూశాడు.

"సిమెంటు కప్పు గట్టిపడక ముందే కింది పలకలు ఊడదీశావన్నమాట."

"అవునయ్యా."

"నేనూ ఒకసారి ఊడదీశాను. కుర్రతనంలో" అన్నాడు. చొక్కా చెయ్యి పైకి మడిచాడు.

ఆ తర్వాత పని నడిచింది. అక్క సీసా అందిస్తే చెల్లెలు గుచ్చింది. అక్క దూది అదిమింది. వాడిన సూదులు డబ్బాలో పడుతున్న చప్పుడు. ఒకామె షెడ్డు వెనక దాక్కున్న అత్తగారిని చెయ్యి పట్టుకు లాక్కొచ్చింది. "మనవడి ముందు పరువు తీయకత్తా" అంటోంది. రెండున్నరకు పందిరి ఖాళీ అయింది.

అక్క రిజిస్టరు ముందుకు లాక్కుంది. మొన్నటి పుట కింద చెల్లెలి చేతిరాత: 'ఐసు సరిచూసుకోకుండా సంతకం చేశాను. బాధ్యత నాది.' అక్క కలం తీసి ఆ వాక్యాన్ని కొట్టేసింది. కింద రాసింది: 'చెమట పట్టిందని నేను అబద్ధం చెప్పాను.' సంతకం పెట్టి, తేదీ వేసింది.

"రెండూ నిజమేగా" అంది చెల్లెలు. "చెవి నాది. పెట్టుకోవాల్సింది నేను."

అక్క వేలితో వరసలు లెక్కపెడుతూ వచ్చింది. ఒకటి నుంచి నలభై ఆరు దాకా మళ్లీ టిక్కులు పడ్డాయి. నలభై ఏడో వరస ఖాళీగా ఉంది.

"పాప ఏది? బాలింత లోపలుందా? పద, నేనే వస్తాను."

చెల్లెలు ఖాళీ సీసాలు ఒకదాని పక్కన ఒకటి నిలబెడుతోంది. "లేరక్కా. దాని తండ్రి ఆ స్తంభాల గోతులు తవ్వే యంత్రం నడుపుతాడు. ఇక్కడి గోతులు అయిపోయాయి. యంత్రాన్ని ఇంకో వంతెనకి పంపించారు. యంత్రంతో పాటు వాళ్లు ముగ్గురూ లారీలో. ఇవాళ పొద్దున."

"ఎప్పుడు?"

"ఎనిమిదింటికి బయలుదేరాలి. నేను ఆపాను. మా అక్క తొమ్మిదింటి బస్సుకి వస్తోంది, వస్తానందంటే వస్తుంది అని. లారీ డ్రైవరు తిట్టుకుంటూనే ఆగాడు. ఆ తండ్రి బండెడు ఇనుము ఎత్తుతాడు గానీ సూది పేరెత్తితే పారిపోయే రకం. అతను కూడా ఆగుదామన్నాడు. బస్సొచ్చింది. అందరూ దిగారు. బాలింత లేచి నిలబడి మరీ చూసింది. ఇంకో పది నిమిషాలు ఆగారు."

వంతెన మీద ఎవరో చువ్వ మీద సుత్తితో కొడుతున్నారు. అక్క ఆ చప్పుడు ఆగుతుందేమోనని చూసినట్టు అటు చూసింది.

"చలిగా ఉంది" అంది చివరికి. "ఐసుకి చెమట పట్టలేదు. అందుకని బస్సు వదిలేశాను."

చెల్లెలు సీసాల వరస సరిచేసింది. కోపంగా అనలేదు. పనిలో ఉన్నవాళ్లు పనిలో ఉన్న ఇంకొకరికి చెప్పినట్టే అంది. "ఐసు ఒళ్లో పెట్టుకుని రావాల్సింది అక్కా. సీసాలు విడిగా సంచిలో, ఐసు ఒళ్లో. రెండు గంటల దారి. బస్సులోనే పట్టేది చెమట."

అక్క తన ఒడి వైపు చూసుకుంది. పెట్టె పెట్టుకున్నచోట బట్ట ఇంకా తడిగానే ఉంది.

*

చెల్లెలు చెప్పినట్టే శుక్రవారం సాయంత్రం అదే సంచితో తిరిగొచ్చింది. సబ్బు బట్టల మధ్యే ఉంది. మెమో అక్క పేరున వచ్చింది. అలమారలో చెల్లెలి మెమో పక్కనే అక్క దాన్ని పెట్టింది. ఆ యంత్రం వెళ్లిన వంతెనకు మూడు ఉత్తరాలు రాసింది. మొదటి రెంటికి జవాబు లేదు. మూడోది తిరిగొచ్చింది: యంత్రం అక్కడ పని ముగించుకుని ఇంకెక్కడికో వెళ్లిందట, ఎక్కడికో అక్కడివాళ్లకు తెలియదట.

సోమవారం నాటి నలభై ఏడుగురిలో నలభై ఆరుగురు నెలకు రెండో సూదికీ, కొందరు ఆలస్యంగానైనా ఆరు నెలలకు మూడో సూదికీ వచ్చారు. నలభై ఏడో వరసలో పుట్టిన తేదీ ఉంది. అప్పటికింకా పెట్టలేదు కనుక పేరు గడి ఖాళీగా ఉంది. ఆ పాప బుధవారం పొద్దున తొమ్మిదీ పదికి, రెండు రోజుల వయసులో, తల్లి ఒళ్లో, లారీలో వెళ్లింది. మళ్లీ రాలేదు.